కర్ణాటకం విన్న చెవికి బ్లూస్, బ్లూస్ విన్న చెవికి బుర్రకథ: పాటలు పంచుకునే పద్ధతి

మనకు ప్రాణమైన పాట లింకు పంపిస్తాం. అవతలివాళ్లు బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటారు. సాధారణంగా పాటలో లోపం ఉండదు. ఆ చెవికి దాన్ని పట్టుకోవడానికి పిడి దొరకదు, అంతే. ఎరగని సంగీతం వినిపించేటప్పుడు అందులో ఒక్కటైనా ఆ మనిషికి ముందే తెలిసినది ఉండాలి. అది స్వరాల వరస కావచ్చు, తాళం కావచ్చు, వాయిద్యం కావచ్చు, పాడే తీరు కావచ్చు. ఆ పిడి వెతకడమే అసలు పని. ప్లేలిస్టులు, స్పీకర్ల సంగతి ఆ తర్వాత.

ముందు ఎవరికో తేల్చుకోండి

"మీకు ఎలాంటి సంగీతం ఇష్టం?" అని అడిగితే "అన్నీ వింటానండీ" అనే జవాబు వస్తుంది. దానితో ఏమీ తేలదు. మూడు పాటలు అడగండి: చిన్నప్పుడు ఇంట్లో మోగినది ఒకటి, ఈ నెలలో పదేపదే విన్నది ఒకటి, మాటలు మొత్తం నోటికి వచ్చినది ఒకటి. ఈ మూడూ వింటే ఆ మనిషి చెవి దేని వెంట పోతుందో తెలుస్తుంది. కొందరు మాట వెంట పోతారు, కొందరు రాగం వెంట, కొందరు దరువు వెంట. దరువు మనిషికి భాష అడ్డం కాదు, ఏ దేశపు పాటైనా పెట్టొచ్చు. మాట మనిషికి మాత్రం అర్థం తెలియని పాట మొదటిసారే పెట్టకండి. పెట్టక తప్పకపోతే రెండు పంక్తుల తెలుగు తాత్పర్యం ముందుగా చేతిలో పెట్టండి. పాట నడుస్తుండగా చెవిలో అనువదించడం వద్దు, పాటా పోతుంది, అర్థమూ పోతుంది.

మెట్లు అవే, ఊరు వేరు

మోహన రాగంలోని అయిదు స్వరాలు, స రి గ ప ద, ప్రపంచంలో చాలాచోట్ల వినిపిస్తాయి. 1957 నాటి 'మాయాబజార్'లో ఘంటసాల, పి. లీల పాడిన 'లాహిరి లాహిరి లాహిరిలో' మోహనమే. తెలుగిళ్లలో దాన్ని వినని చెవి అరుదు కాబట్టి మొదలు అక్కడ పెట్టండి. రెండోది హిందుస్తానీ రాగం భూప్ పెట్టండి, స్వరాలు అవే, నడక నింపాదిగా ఉంటుంది. మూడోది ఇంగ్లీషు చర్చి పాట 'అమేజింగ్ గ్రేస్'. ఎవరు పాడినదైనా సరే, వెనకాల వాయిద్యాలు తక్కువ ఉన్న రికార్డింగ్ ఎంచుకోండి. నాలుగోది చైనా జానపదం 'మో లీ హువా', మల్లెపూల పాట. ఒక్కొక్కటీ మూడు నిమిషాలు దాటకుండా వరసగా నాలుగూ వినిపిస్తే, మూడో పాట దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు "ఇది ఎక్కడో విన్నట్టుందే" అంటారు.

ఒక్క జాగ్రత్త. "ఇదీ మోహనమే" అనకండి. స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటి కాదు. గమకం (స్వరాన్ని ఊపే తీరు), సంచారం (స్వరాల మధ్య నడిచే దారి), ఏ స్వరం మీద నిలబడతారన్నదీ కలిస్తేనే రాగం. హిందుస్తానీలోనే భూప్‌కీ దేశ్కార్‌కీ స్వరాలు ఒకటే, రాగాలు వేరు. "మెట్లు అవే" అంటే చాలు. సంగీతం నేర్చుకున్నవాళ్లు ఎదురుగా ఉంటే ఈ మాట తేడా అరగంట వాదన తప్పిస్తుంది.

బ్లూస్ అంటే అమెరికా నల్లజాతివాళ్ల పాటల్లోంచి పుట్టిన సంగీతం, దానికి పిడి శుద్ధ ధన్యాసి రాగం. స గ మ ప ని, సాధారణ గాంధారం, కైశికి నిషాదం. బ్లూస్ గిటారు నేర్చుకునేవాళ్లు మొదట వేళ్లకు ఎక్కించుకునే మెట్లు ఇవే. మధ్యలో ప్రతి మధ్యమాన్ని తగిలించి జార్చడం వాళ్ల ముద్ర. బి.బి. కింగ్ (1925–2015) తీగను పక్కకు లాగి స్వరాన్ని ఊపే తీరు, వీణ మీద తీగ లాగడం విన్నవాళ్లకు చప్పున అందుతుంది. ఆయన 1969లో రికార్డు చేసిన 'ది థ్రిల్ ఈజ్ గాన్' మొదటి పాటగా బాగుంటుంది. రాబర్ట్ జాన్సన్‌తో మొదలుపెట్టకండి. 1936, 37లలో ఆయన రికార్డు చేసిన 29 పాటల మీదే బ్లూస్ లోకం సగం నిలబడి ఉంది, నిజమే, కానీ కొత్త చెవికి ముందు వినిపించేది గరగర. ఆయన్ని రెండో నెలకు ఉంచండి. బి.బి. కింగ్ తర్వాత పశ్చిమాఫ్రికాకు వెళ్లొచ్చు. మాలీ దేశపు అలీ ఫర్కా తూరే, అమెరికన్ గిటారిస్టు రై కూడర్ కలిసి చేసిన 'టాకింగ్ టింబక్టూ' (1994) ఉంది. దానిలో ఏ పాట పెట్టినా ఒకే ఆధారం చుట్టూ తిరిగే తీరు మన చెవికి పరాయిగా అనిపించదు.

కర్ణాటక సంగీతం బాగా విన్నవాళ్లు పాశ్చాత్య సంగీతం దగ్గర తడబడే చోటు ఒకటుంది, అది ముందే చెప్పి తీరాలి. మనకు తంబురా షడ్జం మొదటి నుంచి చివరిదాకా కదలదు. బ్లూస్, జాజ్, పాప్‌లలో పైన పాట ఉన్నచోటే ఉన్నా కింద ఆధారం మారుతూ పోతుంది, దాన్నే కార్డు మారడం అంటారు. చెప్పకపోతే "శ్రుతి నిలవడం లేదు" అని ముఖం చిట్లిస్తారు. దీన్ని వినిపించడానికి పన్నెండు బార్ల బ్లూస్‌ను మించింది లేదు. అందులో ఒక వాక్యాన్ని రెండుసార్లు పాడి, మూడో వాక్యంతో జవాబు చెబుతారు. రెండోసారి అదే వాక్యం పాడేటప్పుడు కింద ఆధారం షడ్జం వదిలి మధ్యమానికి వెళ్తుంది. "రెండోసారి పాడినప్పుడు అడుగున ఏం మారిందో చూడండి" అని ఒక్క ముక్క చెప్పి పాట పెట్టండి. సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడటం) విన్న చెవి పైన మార్పు కోసం వెతుకుతుంది కాబట్టి, అడుగున వెతకమని దారి చూపించాలి.

సినిమా పాటలు మాత్రమే వినేవాళ్లకు పాశ్చాత్య శాస్త్రీయం వినిపించాలంటే ఇళయరాజా 1986లో తెచ్చిన 'హౌ టు నేమ్ ఇట్' దగ్గర ఆగండి. అందులో జర్మన్ స్వరకర్త బాహ్ మీద కట్టిన భాగం విన్న తర్వాత బాహ్ ఒంటి వయొలిన్ రచనలు పెడితే వరస కుదురుతుంది. ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలు ఇంకా సరదా. 'సంతతం పాహిమాం' పేరు చెప్పకుండా పెట్టి, వరస ఎక్కడిదో కనుక్కోమనండి. బ్రిటిష్ జాతీయగీతపు వరసకు దీక్షితులు సంస్కృత సాహిత్యం కూర్చారు. రెండు వందల ఏళ్ల నాడే జరిగిన ఇచ్చిపుచ్చుకోవడం అది.

హిందుస్తానీకి తెలుగువాళ్లకు అందే దగ్గరి దారి అబ్దుల్ కరీం ఖాన్ (1872–1937). కిరానా ఘరానా అనే గాన సంప్రదాయానికి పెద్ద ఆయన. త్యాగరాజ స్వామి ఖరహరప్రియ కృతి 'రామ నీ సమానమెవరు' ఆయన గొంతులో 78 ఆర్‌పీఎం గ్రామఫోను ప్లేటు మీద ఉంది. ఉచ్చారణ మీద నవ్వుకునేవాళ్లు ఉంటారు, నవ్వనివ్వండి, రెండోసారి పెట్టినప్పుడు గొంతు వింటారు. ఆ కాలపు పది అంగుళాల ప్లేటు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లరే. గంటసేపు పాడే రాగాన్ని మూడు నిమిషాల్లోకి కుదించక తప్పలేదు కాబట్టి, తొలిసారి వినేవాళ్లకు ఆ ప్లేట్లు నేటి కచేరీ రికార్డింగుల కన్నా తేలిక. హైదరాబాదు శ్రోతలైతే తర్వాత బడే గులాం అలీ ఖాన్ ఠుమ్రీ ఒకటి పెట్టండి. ఆయన కన్నుమూసింది ఆ ఊళ్లోనే, 1968లో.

వేళ్ల మీద లెక్కించేవి

తాళం పిడిగా పెట్టడం అన్నిటికన్నా సులువు, ఎందుకంటే చేతులకు పని దొరుకుతుంది. డేవ్ బ్రూబెక్ బృందం 1959లో రికార్డు చేసిన 'టేక్ ఫైవ్' అయిదు అక్షరాల నడక, రాసినది ఆ బృందంలో శాక్సఫోన్ వాయించిన పాల్ డెస్మండ్. మన ఖండచాపు "తక తకిట", రెండూ మూడూ. 'టేక్ ఫైవ్' దాన్ని తిరగేసి "తకిట తక" అంటుంది. పాట పెట్టకముందే అందరిచేతా ఇరవైసార్లు "తకిట తక" అనిపించండి. పియానో మొదలవగానే వాళ్లంతట వాళ్లే కలుస్తారు. మధ్యలో జో మొరెల్లో డ్రమ్ముల భాగం వస్తుంది. అడుగున పియానో అదే అయిదును పట్టుకుని ఉంటుంది. తనియావర్తనం (కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే భాగం) వింటున్నప్పుడు తాళం వేసి కూర్చునే అలవాటు ఉన్నవాళ్లకు అది పండగే.

ఏడు అక్షరాలకు మిశ్రచాపు "తకిట తకధిమి" తెలిసినవాళ్లకు బల్గేరియా నృత్య గీతాలు పెట్టండి. వాళ్ల రాచెనిత్సా ఏడును రెండు, రెండు, మూడుగా విడగొడుతుంది, అంటే "తక తక తకిట". వేగం ఎక్కువ కాబట్టి మొదటిసారి తప్పుతారు. అక్కడి స్త్రీల బృందగానంలో గొంతులు దగ్గర దగ్గర స్వరాల మీద ఒరుసుకుంటాయి, అపశ్రుతి అనుకుంటారు. అది వాళ్ల పద్ధతి అని ముందే చెప్పాలి.

వాయిద్యం చేయి పట్టుకుని

నాదస్వరం నుంచి జాజ్‌కు వెళ్లే దారి చాలామందికి తట్టదు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా (1924–1999) నాదస్వరం ముందు పెట్టండి. తర్వాత కద్రి గోపాల్‌నాథ్ (1949–2019) శాక్సఫోన్ మీద వాయించిన కర్ణాటక కృతి. ఆ తర్వాత జాన్ కోల్ట్రేన్ 1961 ఆల్బం 'మై ఫేవరిట్ థింగ్స్'లో అదే పేరుగల పాట. అందులో ఆయన వాయించేది సొప్రానో శాక్సఫోన్. సన్నగా, ముక్కుతో పలికినట్టుండే ఆ నాదం సన్నాయి విన్నవాళ్లకు కొత్త కాదు. పాట పదమూడు నిమిషాలు దాటుతుంది, మొదటి నాలుగు నిమిషాలు చాలు. కోల్ట్రేన్ తన కొడుక్కి రవిశంకర్ పేరు మీద రవి అని పెట్టుకున్నాడన్న సంగతి కూడా చెప్పండి, పాట కన్నా ముందు అదే గుర్తుంటుంది.

పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ (1969–2014) ఎలక్ట్రిక్ మాండొలిన్ రెండు వైపులకు తలుపు. అయిదు తీగల ఆ మాండొలిన్ మీద త్యాగరాజ కృతి ఒకటి, తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి' బృందంలో వాయించినది ఒకటి, అక్కడి నుంచి వెనక్కి 1970లలోని మొదటి 'శక్తి' బృందం, అందులో ఎల్. శంకర్ వయొలిన్, విక్కు వినాయక్‌రాం ఘటం. ఇంకో వైపు పోతే బిల్ మన్రో (1911–1996), బ్లూగ్రాస్ అనే అమెరికన్ పల్లె సంగీతానికి ఆద్యుడు, ఆయన చేతిలోనూ మాండొలినే. వాయిద్యం ఒకటే, ఒకరు జార్చి పలికిస్తే మరొకరు తుంచి తుంచి పలికిస్తారు. పక్కపక్కన వింటేనే ఈ తేడా తెలుస్తుంది.

కిన్నెర నుంచి కోరాకు వెళ్లడం మరో మంచి దారి. దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ కథలు పాడతారు, 2022లో పద్మశ్రీ వచ్చింది. మాలీలో తుమానీ దియబాతే (1965–2024) 21 తీగల కోరా వాయించేవాడు. గ్రియో అనే వంశాల్లో తరతరాలుగా చరిత్రలు, పొగడ్తలు పాడటం వృత్తి. కులవృత్తిగా కథ పాడే కళాకారులు మనకూ ఉన్నారు కాబట్టి, ఇక్కడ వాయిద్యంతోపాటు పాడేవాడి పనీ పోలుతుంది.

ఒకరు అంటే పదిమంది అనడం

బుర్రకథలో కథకుడు ఒక మాట అంటే ఇద్దరు వంతలు "తందాన తాన" అంటారు. షేక్ నాజర్ (1920–1997) కథ ఐదు నిమిషాలు, తర్వాత హైదరాబాదు వార్సీ సోదరుల ఖవ్వాలీ లేదా నుస్రత్ ఫతే అలీ ఖాన్, తర్వాత మహాలియా జాక్సన్ (1911–1972) గోస్పెల్, అంటే అమెరికా నల్లజాతి చర్చిల భక్తి పాట. మూడింటా ముందుపాట ఒకరిది, వంత గుంపుది. మతం వేరు, భాష వేరు, నిర్మాణం ఒక్కటే. భజన మండలిలో కూర్చున్నవాళ్లకు ఇందులో వివరించవలసింది ఏమీ ఉండదు.

ర్యాప్ పెద్దవాళ్లకు వినిపించాలనుకునే పిల్లలూ ఈ దారే పట్టండి. "ఇది పాటేనా, తిట్లా?" అనే మాట రాకముందే, బుర్రకథలోనో హరికథలోనో గబగబా నడిచే వచనం ఒక నిమిషం వినిపించండి. లయ తప్పకుండా మాట్లాడటం మనకు కొత్త కాదని తెలిశాక ర్యాప్ పెట్టండి. పాట పేరు పక్కన చిన్న డబ్బాలో ఇంగ్లీషు 'E' అక్షరం ఉంటే బూతులున్నాయని గుర్తు, 'క్లీన్' అని రాసి ఉన్న రూపం వెతుక్కోండి. అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు కదా అనుకోకండి. కొన్ని మాటలు అందరికీ తెలుసు.

అటునుంచి ఇటు

డాలస్‌లోనో లండన్‌లోనో పెరిగిన పిల్లలకు, తెలుగు రాని స్నేహితులకు మన సంగీతం ఇచ్చేటప్పుడు పొరపాటు ఎప్పుడూ ఒకటే జరుగుతుంది: మనకు అత్యుత్తమం అనిపించినదే మొదట పెట్టేస్తాం. ఇరవై నిమిషాల రాగం, తానం, పల్లవి పెట్టి, వాళ్లు ఫోను చూసుకుంటుంటే నొచ్చుకుంటాం. కార్డులకు అలవాటుపడిన చెవికి అడుగున ఏమీ కదలకపోవడం ఖాళీగా తోస్తుంది, గమకం స్వరం వణుకుతున్నట్టు వినిపిస్తుంది. అందుకని గొంతు కన్నా వాయిద్యం ముందు: చిట్టిబాబు వీణ, శ్రీనివాస్ మాండొలిన్. నిడివి అయిదారు నిమిషాలు. మధ్యమకాలపు (నడిమి వేగం) కృతి అయితే మేలు, విలంబం (నింపాది నడక) తర్వాత చూసుకోవచ్చు. హిందుస్తానీకైతే 1967 నాటి 'కాల్ ఆఫ్ ద వ్యాలీ' ఉంది. శివకుమార్ శర్మ సంతూరు, హరిప్రసాద్ చౌరసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటారు. పరాయి చెవి తేలిగ్గా పట్టుకునే గిటారు అందులో ఉంది.

చీటీలో ఏం రాయాలి

పాటతో పాటు చిన్న చీటీ కూడా పంపండి: పాట మొదటి మాటలు, పాడినవాళ్లు లేదా వాయించినవాళ్లు, సంగీతం, రచన, ఏడాది, శాస్త్రీయమైతే రాగం, తాళం. ఇంకొక్కటి, ఎక్కడ వినాలో ఒకే ఒక గుర్తు: "2 నిమిషాల 10 సెకన్ల దగ్గర వయొలిన్ జవాబు చూడండి" లాంటిది. మూడు గుర్తులు రాస్తే ఏదీ వినరు.

రచయిత పేరు మరిచిపోవద్దు. వీడియోల కింద హీరో పేరు, సినిమా పేరు ఉండి, రాసినవాళ్ల పేరు తరచూ ఉండదు. కృతుల విషయంలో "ఎవరు పాడినది" తప్పనిసరి. ఒకే కృతికి వందమంది రికార్డింగులుంటాయి, మీరు వినమన్నది ఒకటి, వాళ్లు విన్నది మరొకటి అవుతుంది. వెతికేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల తిప్పలు వేరే. త్యాగరాజ అన్న పేరును టీ తర్వాత హెచ్ పెట్టి కొందరు, పెట్టకుండా కొందరు రాస్తారు. మోహన, మోహనం రెండూ ఉంటాయి. రెండు రకాలుగానూ వెతికి, తర్వాత తెలుగు లిపిలో కూడా ఓసారి వెతకండి. పాత పాటకు 'లోఫై', 'రీమిక్స్', 'స్లోడ్' అని తగిలించినవి ముందు వస్తాయి. వాటిలో వేగం మార్చడం వల్ల శ్రుతి కూడా మారిపోయినవి ఉంటాయి. రాగం చూపించాలనుకున్నప్పుడు అవి పనికిరావు.

నలుగురూ కూర్చుని వినేటప్పుడు

ఏడుగురు, రెండు గంటలు, మనిషికి రెండు పాటలు. పాట సగటున అయిదు నిమిషాలనుకుంటే 70 నిమిషాలు, పాటకు ఒక నిమిషం పరిచయం చొప్పున 14, మాటలకు 25, టీకి 10, మొత్తం 119. ఎనిమిదో మనిషి వస్తే మాటలు తగ్గించాలి, పాటలు తగ్గించకండి. పదిమంది దాటితే పాట నడుస్తుండగా గుసగుసలు మొదలవుతాయి, రెండు గుంపులు చేయడం నయం. నిడివి పది నిమిషాలు దాటే రచన సాయంత్రానికి ఒకటే, అదీ టీ తర్వాత. కోతపెట్టి వినిపించాలంటే ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్నది ముందే రాసుకోండి. అక్కడికక్కడ ముందుకూ వెనక్కూ లాగుతుంటే సగం గది లేచిపోతుంది.

వరస వేసేటప్పుడు శ్రుతి చూసుకోండి. హార్మోనియం మెట్ల లెక్కలో మగవారి కచేరీ చాలావరకు ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో, ఆడవారిది అయిదు, అయిదున్నర, ఆరు ప్రాంతాల్లో ఉంటుంది. ఒకటో శ్రుతి పాట అయిపోగానే ఒకటిన్నర శ్రుతి పాట మొదలైతే, అర మెట్టు తేడా చెవిని కోస్తుంది. మధ్యలో పది సెకన్లు నిశ్శబ్దం ఉంచండి, లేదా ఆ చోట మాట్లాడండి. వాద్యబృందాల హోరు తర్వాత గజల్ పెట్టకండి, గొంతు ఆనదు. గజల్ తర్వాత హోరు పెడితే ఇబ్బంది లేదు.

పాట అయ్యాక "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అంటారు, మాట ఆగిపోతుంది. "ఎక్కడ చెవి ఆగింది?" అని అడగండి. నచ్చకపోతే "ఎక్కడ విసుగొచ్చింది?" అనడిగినా సరే, తర్వాతి పాట ఎంచుకోవడానికి ఆ జవాబే పనికొస్తుంది. పాట నడుస్తుండగా వినేవాళ్ల ముఖంలోకి మాత్రం చూడకండి. నచ్చినట్టు నటించవలసి వస్తుంది పాపం.

స్పీకరు, ఫ్యాను, ఫోను

స్పీకరు కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో ఉండాలి. గది మూలలో నేల మీద పెడితే బరువు స్వరాలు ఉబ్బి మృదంగం తొప్పి (ఎడమ) వైపు గుమ్మని మోగుతుంది, వలంతల (కుడి) వైపు మాట వినిపించదు. సీలింగు ఫ్యాను తంబురాను పూర్తిగా మింగేస్తుంది. ఒక నంబరు తగ్గించినా తేడా తెలుస్తుంది. వంటింట్లో కుక్కరు పెట్టాలనుకుంటే ఆలాపన లేని పాటకు ఆ ముహూర్తం చూసుకోండి.

బ్లూటూత్ స్పీకర్లలో కొన్ని నిశ్శబ్దం రాగానే నిద్రపోతాయి. మళ్లీ శబ్దం వచ్చాక మేలుకోవడానికి క్షణం పడుతుంది. మెల్లగా మొదలయ్యే ఆలాపన మొదటి పలుకు అందుకే ఎగిరిపోతుంది. దీన్ని ముందే పరీక్షించండి, అలాంటి స్పీకరైతే తీగతో కలపడం మంచిది. ఫోనులో కాల్స్, నోటిఫికేషన్లు ఆపేయండి. 'క్రాస్‌ఫేడ్' సున్నాలో ఉందో లేదో చూడండి. అది నడుస్తుంటే ఒక పాట తోక మీద ఇంకో పాట ఎక్కుతుంది, కచేరీ రికార్డింగుల్లో మంగళం మీద సినిమా పాట పడుతుంది.

పాత రికార్డింగు మెల్లగా, కొత్తది బిగ్గరగా మోగడం అందరూ ఎదుర్కొనేదే. ఇప్పటి పాటలను మొత్తం ఒకే బిగ్గర స్థాయికి నొక్కి తయారుచేస్తారు, పాతవాటిలో మెల్లని చోటు మెల్లగానే ఉంటుంది. స్పాటిఫై వంటి వాటిలో 'ఆడియో నార్మలైజేషన్' ఆన్ చేస్తే పాటలన్నీ దాదాపు ఒక మట్టానికి వస్తాయి. సొంత ఫైళ్లయితే 'రీప్లేగెయిన్' చేసే ప్లేయరు వాడండి. రెండూ లేకపోతే, అన్నిటికన్నా మెల్లగా ఉన్న పాట పెట్టి వాల్యూమ్ సరిచేసుకుని, మిగతావాటికి ఎంత తగ్గించాలో చీటీ మీద రాసుకోండి. 78 ప్లేట్ల గరగరకు ఈక్వలైజరులో పై స్వరాలను కొంచెం తగ్గించండి, మరీ తగ్గిస్తే గొంతు దుప్పటి కప్పుకున్నట్టుంటుంది.

దూరాన ఉన్నవాళ్లతో వీడియో కాల్‌లో వినాలంటే, స్పీకరు మోగించి మైకు ముందు పెట్టకండి. కాల్ యాప్‌లు ఎడతెగని శబ్దాన్ని ఫ్యాను చప్పుడు అనుకుని కోసేస్తాయి. తంబురా, వేణువు ముందు బలవుతాయి. జూమ్‌లో 'షేర్ సౌండ్' పెట్టుకోవాలి, మైకుతోనే వాయించి వినిపించేవాళ్లయితే సంగీతకారుల కోసం ఉన్న 'ఒరిజినల్ సౌండ్' ఆన్ చేయాలి. అంతకన్నా సులువు, "ఒకటి, రెండు, మూడు" అని ఎవరి ఇంట్లో వాళ్లు అదే లింకు నొక్కడం. క్షణం అటూ ఇటూ అయినా ఎవరికీ తెలియదు.

జాబితా అందరి చేతికీ

అందరి దగ్గరా ఒకే యాప్ ఉండదు. యూట్యూబ్ ప్లేలిస్టు లింకు దాదాపు అందరికీ తెరుచుకుంటుంది, చిక్కల్లా ప్రకటనలే. అందరూ ఒకే యాప్ వాడితే సహకార ప్లేలిస్టు చేసి తలా ఒక పాట చేర్చుకోవచ్చు. అయితే ఎవరైనా తీసేయగలరు కూడా, కాబట్టి నెలకోసారి పేర్లు వేరేగా రాసి ఉంచండి. వేర్వేరు యాప్‌లు వాడేవాళ్లకు 'సాంగ్‌లింక్' పనికొస్తుంది, ఒక లింకు నొక్కితే ఎవరి యాప్ వాళ్లు ఎంచుకోవచ్చు. కంప్యూటర్లో యూట్యూబ్ 'షేర్' నొక్కితే 'స్టార్ట్ ఎట్' గడి కనిపిస్తుంది, దానిలో సమయం వేస్తే పాట అక్కడి నుంచే మొదలవుతుంది. ఇండియాలో దొరికే పాట అమెరికాలో "అందుబాటులో లేదు" అనొచ్చు, హక్కులు దేశాన్నిబట్టి అమ్ముతారు. అక్కడివాళ్లకు పంపేముందు ప్రత్యామ్నాయం ఒకటి సిద్ధంగా పెట్టుకోండి.

ఫోను పడని పెద్దవాళ్లకు, కారు స్టీరియోకు పెన్‌డ్రైవే దిక్కు. మీరు కొనుక్కున్న ఎంపీ3లు వేసేముందు డ్రైవును ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేయండి, చాలా స్టీరియోలు ఎక్స్‌ఫ్యాట్‌ను చదవవు. తెలుగులో పెట్టిన ఫైలు పేర్లు కొన్నిటిలో డబ్బాలుగా కనిపిస్తాయి, ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. పేరుకు ముందు 001, 002 అని అంకెలు వేయండి, లేకపోతే అక్షరక్రమంలో మోగుతాయి. కొన్ని పాత స్టీరియోలు అంకెలను కూడా పట్టించుకోక కాపీ చేసిన వరసలోనే మోగిస్తాయి. వాటికోసం ఫైళ్లను ఒక్కొక్కటిగా వరసలోనే కాపీ చేయాలి. 320 బిట్‌రేటులో నాలుగు నిమిషాల పాట దాదాపు 10 ఎంబీ, 128లో 4 ఎంబీ. కారు చప్పుడులో ఈ తేడా వినపడదు, ఇంట్లో మంచి స్పీకరు మీద తాళాల మోత దగ్గర వినపడుతుంది.

ఒక ఫోల్డరులో ముప్పై పాటలకు మించి వేయకండి. వేసినవాటి పేర్లు పెద్ద అక్షరాల్లో అచ్చుతీసి పక్కన పెట్టండి. "ఆ పదకొండోది మళ్లీ పెట్టు" అని అడగడానికి వాళ్లకు అంకె ఉండాలి.